అల్యూమినియం–నికెల్ డిఫ్యూజన్ వెల్డింగ్: అతుకు రేకులా ఊడి వస్తోంది, వేడి చాలకా, ఎక్కువై‌నా?

ఆటోనగర్ ప్యాక్, విజయవాడ

అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో మాకు చిన్న షాపు ఉంది. ఈ-ఆటోల బ్యాటరీ ప్యాకులు రిపేరు చేస్తాం, కొత్తవి కూడా కడతాం. సెల్స్ మీద నికెల్ పట్టీ స్పాట్ వెల్డింగ్ చేస్తాం, అక్కడ ఇబ్బంది లేదు. మెయిన్ లైన్‌కి మాత్రం బరువు, ఖర్చు తగ్గుతాయని అల్యూమినియం బార్ వాడుతున్నాం. నికెల్ పట్టీని ఆ బార్‌కి బోల్టుతో బిగిస్తే, మన రోడ్ల కుదుపులకి ఆరు నెలలు తిరిగేసరికి బోల్టు వదులై ఆ చోటు నల్లబడుతోంది. వేలు పెట్టలేనంత వేడి.

అందుకని 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క మీద 0.3 మిల్లీమీటర్ల నికెల్ రేకు ముందే అతికించి పెట్టుకుంటే, నికెల్ వైపు స్పాట్ వెల్డింగ్, అల్యూమినియం వైపు అల్యూమినియంతోనే వెల్డింగ్ చేసుకోవచ్చని ఆలోచన. వాక్యూమ్ ఫర్నేస్ ఉన్న ఒకచోట డిఫ్యూజన్ వెల్డింగ్, అంటే కరిగించకుండా వేడితో, ఒత్తిడితో అతికించడం, చేయించాం. 620 డిగ్రీలు, రెండు గంటలు పెట్టామన్నారు. చూడ్డానికి అతుకు చక్కగా ఉంది. వైస్‌లో పెట్టి వంచితే నికెల్ మొత్తం రేకులా ఊడి చేతికి వచ్చింది. వాళ్ళేమో వేడి చాల్లేదు, ఈసారి 640 పెట్టి ఇంకా ఎక్కువసేపు ఉంచుదాం అంటున్నారు. పెద్దవాళ్ళు కాస్త చెప్పండి, డబ్బు కట్టే ముందు తెలుసుకోవాలి.

టిగ్ వెల్డర్, ఇబ్రహీంపట్నం

తమ్ముడూ, ముందు ఒక మాట. ఈ రెంటినీ టిగ్‌తో (కరెంటు ఆర్క్‌తో కరిగించి) కలుపుదామని ఎవరైనా చెబితే మాత్రం వినొద్దు. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది, నికెల్ కరగాలంటే 1455 కావాలి. నికెల్ కొంచెం మెత్తబడే లోపే అల్యూమినియం కారిపోతుంది. ఒకవేళ కలిసినా ఆ కలిసిన చోట గాజులా పెళుసు. చల్లారేటప్పుడే టిక్కుమని బీట పడుతుంది. ఆ శబ్దం మా పనిలో అందరికీ తెలుసు. కరిగించకుండా కలపాలన్న నీ ఆలోచన సరైనదే. 640 సంగతి మాత్రం తెలిసినవాళ్ళు చెప్పాలి.

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

640 దగ్గరికి అస్సలు పోవద్దండి. అల్యూమినియం ఒక్కటే అయితే 660 దాకా గట్టిగా ఉంటుంది, నిజమే. పక్కన నికెల్ ఉంటే లెక్క మారిపోతుంది. అల్యూమినియంలో బరువు ప్రకారం 6 శాతం దగ్గర నికెల్ కలిసిన మిశ్రమం 640 డిగ్రీలకే కరుగుతుంది. దాన్నే యూటెక్టిక్ అంటాం. అంటే మీ అతుకు గీత ఎక్కడ ఉందో సరిగ్గా అక్కడే ద్రవం పుడుతుంది. బయటికి అల్యూమినియం ముక్క చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, లోపల అతుకు కరిగి నికెల్‌ని తినేస్తూ ఉంటుంది. అది డిఫ్యూజన్ వెల్డింగ్ కాదు.

డిఫ్యూజన్ వెల్డింగ్ అంటే రెండు లోహాలూ ఘనంగానే ఉండాలి. శుభ్రం చేసిన రెండు ముఖాలని ఒత్తి పట్టి, వేడి చేసి, అణువులు అటువి ఇటు, ఇటువి అటు పాకేదాకా ఉంచడం. సోవియట్ యూనియన్‌లో కజకోవ్ అనే శాస్త్రవేత్త 1953లో దీన్ని వాక్యూమ్‌లో చేసే పద్ధతిగా నిలబెట్టాడు. ఆ తర్వాత విమాన, అంతరిక్ష పరిశ్రమలు బాగా వాడుకున్నాయి. వేడి లెక్క మామూలుగా కరిగే ఉష్ణోగ్రతలో సగం నుంచి 0.8 వంతు దాకా. కాకపోతే ఆ లెక్క సెంటీగ్రేడ్‌లో వెయ్యకూడదు, కెల్విన్‌లో వెయ్యాలి. అల్యూమినియం 933 కెల్విన్‌కి కరుగుతుంది కదా, 0.8 వంతు అంటే 746 కెల్విన్, మన భాషలో 473 డిగ్రీలు. గాలి తగిలి పైన ఏర్పడే ఆక్సైడ్ పొర గోల వల్ల అల్యూమినియంతో చేసేవాళ్ళు 500 దాటి కూడా వెళుతుంటారు. అయినా 620 అంటే అంచు మీద నిలబడ్డట్టే.

మీ ప్రశ్నకి జవాబు ఊడిన ముఖంలోనే ఉంటుంది. నికెల్ వైపు ఎలా ఉందో చూసి రాయండి. మెరుస్తోందా, బూడిద రంగులో ఉందా? అల్యూమినియం తునకలు ఏమైనా పట్టుకుని ఉన్నాయా?

ఆటోనగర్ ప్యాక్, విజయవాడ

మాష్టారూ, ఇప్పుడే లెన్స్ పెట్టి చూశాను. నికెల్ మీద చాలా భాగం మసక బూడిద రంగు, వేలితో రాస్తే సన్నటి గరుకు. అల్యూమినియం తునకలు ఎక్కడా లేవు. ఒక మూల మాత్రం, అర అంగుళం మేర, నికెల్ తెల్లగా మెరుస్తోంది. ఎమరీ కాగితంతో రుద్దిన గీతలు కూడా అలాగే ఉన్నాయి.

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

బాగా చూశారు. మీ ఒక్క ముక్కలోనే రెండు రోగాలూ ఉన్నాయి.

మెరిసే మూల చూడండి. అక్కడ అసలు అతుకే పడలేదు. ఎమరీ గీతలు చెరగలేదంటే అల్యూమినియం ఆ గీతల్లోకి ఒత్తుకోలేదు. ఆ మూల ఒత్తిడి అందలేదు, లేదా అక్కడ ఆక్సైడ్ పగల్లేదు. ఇది చాలకపోవడం.

బూడిద రంగు భాగం దీనికి తలకిందులు. అక్కడ అతుకు పడింది, మరీ ఎక్కువగా పడింది. అల్యూమినియం, నికెల్ కలిసినచోట రెండు కొత్త పదార్థాలు పుడతాయి. అల్యూమినియం వైపు మూడు అల్యూమినియం అణువులకి ఒక నికెల్ ఉన్నది, నికెల్ వైపు మూడింటికి రెండు ఉన్నది. వీటిని ఇంటర్‌మెటాలిక్ పొరలు అంటాం. లోహాల్లా వంగవు, పింగాణీలా విరుగుతాయి. పొర పలచగా ఉంటే అదే జిగురు, మందమైతే అదే బీట. రెండు గంటలు 620 దగ్గర ఉంచితే అది మైక్రాన్ల లెక్క దాటి బాగా మందమై ఉంటుంది. మీరు వంచినప్పుడు బీట ఆ పొర గుండా ఇటు నుంచి అటు దాకా పాకింది. అందుకే రేకులా వచ్చింది.

కాబట్టి వేడి చాల్లేదు అన్న మాట మీ ముక్కలో చాలా భాగానికి తప్పు. ఇంకా పెంచితే ఇంకా తేలిగ్గా ఊడుతుంది.

మంచి అతుకు ఊడితే ఎలా ఉంటుందో కూడా చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ఉలి పెట్టి కొడితే అల్యూమినియమే చిరగాలి. నికెల్ ముఖం నిండా అల్యూమినియం తునకలు అంటుకుని ఉండాలి. రెంటిలో మెత్తనిది చిరిగిందంటే అతుకు దానికంటే గట్టిదని అర్థం.

ఎంటెక్ కుర్రాడు, వడ్లమూడి

మాష్టారు చెప్పింది మేం మైక్రోస్కోప్ కింద రోజూ చూస్తున్నదే. నా ప్రాజెక్ట్ దగ్గరగా ఇదే, అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముక్కని అడ్డంగా కోసి, బేకలైట్ అనే గట్టి ప్లాస్టిక్‌లో బిగించి పాలిష్ చేస్తాం. ఇక్కడే మొదటి తలనొప్పి. అల్యూమినియం మెత్తన, తొందరగా అరిగిపోతుంది. నికెల్, మధ్య పొర అరగకుండా గట్టులా నిలబడతాయి. గట్టు నీడని చూసి అతుకులో గ్యాప్ ఉందనుకుంటారు చాలామంది. మెత్తటి బట్ట మీద, తక్కువ ఒత్తిడితో, వజ్రపు పేస్టుతో నెమ్మదిగా చేస్తేనే గీత సూటిగా కనిపిస్తుంది. బాగా వస్తే నాలుగు పట్టీలు కనిపిస్తాయి. ఒక చివర అల్యూమినియం, దాని పక్కన లేత బూడిద, ఆ తర్వాత కొంచెం ముదురు బూడిద, ఆ చివర తెల్లటి నికెల్. మధ్య రెండు పట్టీల్లో వెంట్రుకల్లాంటి బీటలు నిలువుగా ఉంటాయి. ఆ బీటలు పట్టీ దాటి అల్యూమినియంలోకి రావు, అల్యూమినియం సాగి ఆపేస్తుంది. పొర పలచగా ఉంటే ఆ చిన్న బీటలతో నష్టం లేదు. మందంగా ఉంటే బీటలన్నీ కలిసి అడ్డంగా పాకుతాయి.

పొర పెరిగే లెక్క ఇది. మందం టైముతో సమానంగా పెరగదు, టైము వర్గమూలంతో పెరుగుతుంది. రెట్టింపు మందం కావాలంటే నాలుగు రెట్లు టైము పడుతుంది. వేడితో అలా కాదు, వేడి కొంచెం పెంచినా పొర పెరిగే వేగం చాలా పెరిగిపోతుంది. అందుకని పొరని అదుపులో పెట్టాలంటే గడియారం కన్నా ముందు థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) మీద కన్నుండాలి.

ఇంకో సంగతి. అల్యూమినియం, నికెల్ అణువులు ఒకే వేగంతో పాకవు. వేగంగా వెళ్ళిపోయిన వైపు ఖాళీలు మిగిలి, అవి కలిసి సన్నటి రంధ్రాలు అవుతాయి. 1947లో స్మిగెల్‌స్కాస్, కిర్కెండాల్ ఇత్తడి–రాగి జంటలో ఈ వేగాల తేడాని రుజువు చేశారు. అందుకే ఆ రంధ్రాలకి కిర్కెండాల్ పేరు. ఎక్కువసేపు ఉంచిన అతుకుల్లో ఇవి ఒక వరసలో కనిపిస్తాయి, అక్కడే చిరుగుతుంది.

కొండపల్లి ఫర్నేస్

హీట్ ట్రీట్‌మెంట్ పనిలో ఉన్నాను కాబట్టి ఫర్నేస్ వైపు నుంచి చెబుతాను. అన్నా, వాళ్ళు 620 పెట్టాం అన్నారు కదా, ఆ 620 ఎక్కడ చూసిన 620? ఫర్నేస్ గోడ దగ్గర ఉన్న థర్మోకపులా, నీ ముక్కని తాకుతున్న థర్మోకపులా? వాక్యూమ్‌లో గాలి ఉండదు కాబట్టి వేడి రేడియేషన్‌తోనే చేరాలి. మెరిసే అల్యూమినియం ఆ వేడిని తిప్పికొడుతుంది. గోడ 620 చూపించేటప్పుడు ముక్క చాలా తక్కువలో ఉండొచ్చు. కాసేపయ్యాక కంట్రోలర్ దాటేసి ముక్క ఇంకా పైకి పోవచ్చు. కె-టైప్ థర్మోకపుల్‌కి మామూలు గ్రేడ్‌లో 600 దగ్గర నాలుగున్నర డిగ్రీల తేడా అనుమతి ఉంటుంది. 640కి అంత దగ్గరగా పనిచేసేటప్పుడు ఇవన్నీ కలిపితే చాలు, కరిగిపోవడానికి. ముక్క పక్కనే, వీలైతే ముక్కని బిగించి పట్టే ఫిక్చర్‌కి రంధ్రం చేసి, థర్మోకపుల్ పెట్టమని అడుగు.

రెండోది ఒత్తిడి. మెరిసిన మూల నాకు ఒత్తిడి అందని మూలలాగే ఉంది. 25 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బిళ్ళకి 5 మెగాపాస్కల్ రావాలంటే దాదాపు 250 కిలోల బరువు పడాలి. చాలాచోట్ల పైన ఒక ఇనప దిమ్మ పెట్టి ఒత్తిడి ఇచ్చాం అంటారు. 5 కిలోల దిమ్మ ఎక్కడ, 250 కిలోలు ఎక్కడ! వేడి చేస్తూనే ఒత్తే హాట్ ప్రెస్ ఉంటే సరే, లేకపోతే రెండు మందపు ప్లేట్ల మధ్య పెట్టి బోల్టులతో బిగించే ఫిక్చర్ వాడాలి. అల్యూమినియం స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి వేడెక్కేకొద్దీ బోల్టుల మధ్య ఒత్తిడి తనే పెరుగుతుంది. ప్లేట్లు వంగకుండా మందంగా ఉండాలి, లేకపోతే మధ్యలో ఒత్తిడి పోయి అంచుల్లోనే ఉంటుంది. ఫిక్చర్‌కి ముక్క అతుక్కోకుండా మధ్యలో గ్రాఫైట్ రేకు పెట్టుకోవాలి.

మూడోది గ్రేడు. నీది ఏ అల్యూమినియం?

ఆటోనగర్ ప్యాక్, విజయవాడ

కొన్నచోట 6061 అని చెప్పారన్నా. బిల్లు మీద మాత్రం అల్యూమినియం ఫ్లాట్ అని ఉంది, అంతే.

కొండపల్లి ఫర్నేస్

నిజంగా 6061 అయితే 620 అసలు పెట్టకూడదు. అది 582 డిగ్రీల దగ్గరే లోపల కరగడం మొదలెడుతుంది. నీ ముక్క ఆకారం చెడలేదంటే అది 6061 కాకపోయి ఉండాలి, లేదా వేడి నిజంగా 620 దాకా వెళ్ళి ఉండకూడదు. కరెంటు బార్‌కి మామూలుగా వాడేది 1350 గానీ 6101 గానీ. గ్రేడు తెలియకుండా ఫర్నేస్‌లో పెట్టొద్దు, లోహంలో ఏమేం కలిశాయో చెప్పే స్పెక్ట్రో టెస్ట్ చేయించు.

ఇంకా టి6 టెంపర్‌లో, అంటే వేడి చేసి గట్టిపరిచిన రకంలో, కొన్నా 500 దాటించాక ఆ గట్టితనం ఉండదు, మెత్తబడుతుంది. నీ పనికి మెత్తదనం మంచిదే, ఒత్తుకుంటుంది. పైగా చల్లారేటప్పుడు కూడా అదే కాపాడుతుంది. 50 మిల్లీమీటర్ల ముక్క 550 నుంచి దిగితే అల్యూమినియం, నికెల్ కుంచించుకోవడంలో తేడా పావు మిల్లీమీటరు దాటుతుంది. ఆ తేడా ఎవరో ఒకరు మింగాలి. మెత్తటి అల్యూమినియం మింగుతుంది. మధ్య పొర మందంగా ఉంటే అది మింగలేక పగులుతుంది. అందుకని ఫర్నేస్‌లోనే నెమ్మదిగా చల్లార్చాలి, తొందరపడి తలుపు తీయకూడదు.

ప్లేటింగ్ పని, భవానీపురం

ఇక్కడ అందరూ వేడి గురించే మాట్లాడుతున్నారు. ఆక్సైడ్ సంగతో? వాక్యూమ్ గట్టిగా లాగితే ఆక్సైడ్ పోతుంది కదా, ఇంకా మంచి పంపు ఉన్న ఫర్నేస్ చూసుకుంటే చాలదా?

ఎంటెక్ కుర్రాడు, వడ్లమూడి

లేదండీ, అల్యూమినియంతో ఆ ఆశ పెట్టుకోకూడదు. నికెల్ ఆక్సైడ్ అయితే హైడ్రోజన్‌తో తీసెయ్యొచ్చు. టైటానియం అయితే ఇంకా తేలిక, బాగా వేడెక్కితే తన ఆక్సైడ్‌ని తనలోనే కరిగించుకుంటుంది. అందుకే విమాన భాగాల్లో టైటానియం డిఫ్యూజన్ బాండింగ్ అంత బాగా కుదిరింది. అల్యూమినియం ఆక్సైడ్ 2000 డిగ్రీలు దాటితే గానీ కరగదు, లోహంలో కలవదు, ఏ పంపుతో లాగినా విడిపోదు.

గీకేసి పెడదామన్నా కుదరదు. పది లక్షల వంతు టార్ ఒత్తిడి దగ్గర, అంటే చాలా మంచి వాక్యూమ్‌లో కూడా, శుభ్రమైన ముఖం మీద ఒక అణువు మందం గాలి పొర పేరుకోవడానికి సుమారు ఒక సెకను చాలు. మామూలు ఫర్నేస్ వాక్యూమ్ దానికన్నా ఎంతో నాసి, గాలి ఇంకా ఎక్కువే మిగులుతుంది. మనం ఎంత గీకినా బయటికి తీసేలోపే రెండు మూడు నానోమీటర్ల పొర మళ్ళీ వచ్చేస్తుంది. వాక్యూమ్ చేసే మేలు ఒక్కటే, వేడి చేసేటప్పుడు ఆ పొర ఇంకా మందం కాకుండా ఆపుతుంది.

మరి అతుకు ఎలా పడుతుందంటే, ఆక్సైడ్ పెళుసు, కింద అల్యూమినియం మెత్తన. ఒత్తిడికి అల్యూమినియం సాగినప్పుడు పైన ఆక్సైడ్ సాగలేక ఎండిన చెరువు అడుగులా బీటలు వారుతుంది. ఆ బీటల్లోంచి కొత్త లోహం పైకి వచ్చి నికెల్‌ని తాకుతుంది. అతుకు మొదట అక్కడే పడుతుంది. కాబట్టి ఆక్సైడ్‌ని గెలిచేది వేడి కాదు, ముక్క సాగడం. ఒత్తిడి తక్కువ పెట్టి దానికి బదులు వేడి, టైము పెంచితే మొదట అంటుకున్న చోట్ల ఇంటర్‌మెటాలిక్ మందమవుతుంది, అంటుకోని చోటు అలాగే ఉంటుంది. పోస్టు పెట్టిన అన్న ముక్కలో కనిపించింది అదే. మెరిసే మూల, బూడిద రంగు, రెండూ ఒకే ముక్కలో.

మెగ్నీషియం ఉన్న గ్రేడ్లకి ఇక్కడ ఒక లాభం ఉంది. మెగ్నీషియం ఆ ఆక్సైడ్‌తో చర్య జరిపి పొరని ముక్కలు చేస్తుంది. 6061లో 0.8 నుంచి 1.2 శాతం మెగ్నీషియం ఉంటుంది, స్వచ్ఛమైన 1350లో లేదు. 6061 వాడితే వేడి తగ్గించాలి గానీ అతుకు మాత్రం తేలిగ్గా పడుతుంది.

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

అబ్బాయి చక్కగా చెప్పాడు. ఇక శుభ్రం చేసే వరస చెబుతాను, ఎందుకంటే సగం అతుకులు పాడయ్యేది ఇక్కడే. ముందు అసిటోన్‌తో నూనె తీయాలి. తర్వాత అల్యూమినియంని గోరువెచ్చటి కాస్టిక్ సోడా నీళ్ళలో కొద్దిసేపు ముంచాలి. నురగ వస్తుంది, ఆ వచ్చేది హైడ్రోజన్, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. బయటికి తీస్తే ముఖం నల్లగా ఉంటుంది. కంగారు పడొద్దు, అల్యూమినియంలో ఉన్న ఇతర లోహాల మురికి అది. నీళ్ళతో కడిగి నైట్రిక్ యాసిడ్‌లో ముంచితే పోయి తెల్లగా వస్తుంది. మళ్ళీ బాగా కడిగి ఆరబెట్టి, వెంటనే స్టెయిన్‌లెస్ వైరు బ్రష్‌తో ఒకే దిక్కులో రుద్ది, నికెల్‌తో జత చేసి ఫిక్చర్‌లో బిగించాలి. ఆ బ్రష్ అల్యూమినియంకే విడిగా ఉంచండి, ఇనుము తుడిచినది వాడొద్దు.

మన బెజవాడ ఎండల్లో చేతులకి చెమట ఆగదు. శుభ్రం చేసిన ముఖం మీద ఒక్క వేలిముద్ర పడినా అక్కడ ఉప్పు, జిడ్డు ఉంటాయి. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అతుకు పడ్డాక మాత్రం కాస్టిక్‌లో ముంచకండి. ఈ అల్యూమినియం–నికెల్ పదార్థాల్లోంచి కాస్టిక్ అల్యూమినియంని తినేసి స్పాంజిలాంటి నికెల్‌ని మిగులుస్తుంది. రసాయన చర్యల్ని వేగంగా జరిపించడానికి వాడే రేనీ నికెల్‌ని చేసేది ఆ పద్ధతిలోనే. అక్కడ అది కావాలి, మీ అతుకులో అది కాకూడదు.

ప్లేటింగ్ పని, భవానీపురం

సరే, అర్థమైంది. అయితే మా వైపు నుంచి ఒక దారి ఉంది. అల్యూమినియం మీద జింకేట్ చేస్తాం. ఆ ద్రావణం ఆక్సైడ్‌ని తినేసి దాని చోట సన్నటి జింకు పొర పెడుతుంది. మంచి పని కావాలంటే ఒకసారి చేసి నైట్రిక్‌లో తీసేసి మళ్ళీ చెయ్యాలి. దాని మీద నికెల్ గానీ రాగి గానీ పలచగా ఎక్కించి, పైన వెండి. నికెల్ రేకు మీద కూడా వెండి. ఇప్పుడు అతికించాల్సింది వెండికి వెండిని. వెండి ఆక్సైడ్ 200 డిగ్రీలు దాటితే తనంతట తనే విడిపోతుంది. మీరన్న ఇంటర్‌మెటాలిక్ భయం కూడా ఆ వేడికి ఉండదు కదా?

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

ఇది చాలా మంచి దారి. వెండి సాయంతో తక్కువ వేడిలో అల్యూమినియంని కలపడం తెలిసిన పద్ధతే, 300 లోపు చేస్తారు. వేడి తక్కువ కాబట్టి ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి, అది గుర్తుంచుకోండి. అల్యూమినియం, వెండి కలిస్తే 567 దగ్గర కరుగుతాయి కాబట్టి ఆ దరిదాపులకి పోకూడదు. ప్లేటింగ్ అయిన వెంటనే అతికించండి. వెండి నల్లబడితే అది సల్ఫైడ్, ఆక్సైడ్‌లా వేడికి పోదు. ఈ దారిలో అసలు బలం జింకేట్ పట్టులో ఉంటుంది. అది ఊడితే పైన వెండి ఎంత గట్టిగా అతికినా లాభం లేదు. ప్లేటింగ్ అయ్యాక ఒక ముక్కని ఓవెన్‌లో వేడి చేసి చూడండి, పొక్కులు వస్తే పట్టు లేనట్టే.

రోలింగ్ ఆలోచన, గుంటూరు

నాదొక సలహా. ఈ పట్టీలు సన్నవే కదా. ఫర్నేస్‌తో కాకుండా, రోలర్లతో మొదలుపెట్టొచ్చు. రెండు ముఖాలూ బ్రష్‌తో గీకి, జత చేసి, రోలర్ల మధ్య ఒకే దెబ్బలో మందం సగానికి దిగేలా లాగితే ఆక్సైడ్ మొత్తం పగిలి చల్లగానే అతుక్కుంటుంది. బ్యాటరీల్లో వాడే అల్యూమినియం–నికెల్ క్లాడ్ (రెండు లోహాలు అతికిన) పట్టీలు తయారయ్యే పద్ధతి కూడా ఇదే. ఆ తర్వాత కొద్దిసేపు 400 లోపు వేడి చేస్తే అతుకు ఇంకా గట్టిపడుతుంది, పొర పెరిగే టైము ఉండదు. బంగారం పనివాళ్ళ దగ్గర రేకు లాగే చిన్న రోలర్ మిషన్ ఉంటుంది. సన్నటి పట్టీ మీద ప్రయత్నం చేయడానికి అది సరిపోతుంది. 3 మిల్లీమీటర్ల బార్‌కి కాదు, అర మిల్లీమీటరు అల్యూమినియం పట్టీకి చెబుతున్నాను. క్లాడ్ పట్టీ చేసుకున్నాక దాన్ని బార్‌కి అల్యూమినియం వైపు వెల్డ్ చేసుకోవచ్చు.

ఎంటెక్ కుర్రాడు, వడ్లమూడి

ఈ సలహాకి నా ఓటు. డిఫ్యూజన్ వెల్డింగ్‌లో ఆక్సైడ్‌ని పగలగొట్టడం, అణువుల్ని పాకించడం రెండూ వేడి మీదే పెడుతున్నాం. రోలింగ్ మొదటి పని తను చేసేస్తుంది. వేడికి మిగిలింది రెండో పని ఒక్కటే, దానికి అంత వేడి అక్కర్లేదు.

సెల్ టెస్టింగ్, బాపట్ల

బ్యాటరీ వైపు నుంచి రెండు మాటలు. ఆ నికెల్ పట్టీ నిజంగా నికెలేనా? బజారులో నికెల్ పూత పూసిన స్టీలు పట్టీ కూడా నికెల్ అనే అమ్ముతారు. అయస్కాంతంతో తేలదు, నికెల్‌ని కూడా అయస్కాంతం పట్టుకుంటుంది. గ్రైండర్‌కి తాకించండి, స్టీలైతే నిప్పురవ్వలు బాగా లేస్తాయి. లేదా గీత గీసి ఉప్పునీళ్ళలో ఒక రాత్రి ఉంచండి, స్టీలైతే తుప్పు కనిపిస్తుంది. స్టీలు పట్టీతో ఈ లెక్కలన్నీ మారిపోతాయి, పూత పోయినచోట అల్యూమినియం–ఇనుము పొర పెరుగుతుంది.

రెండోది, అతుకు ముక్క విడిగా తయారయ్యాకే సెల్ దగ్గరికి తేవాలి. సెల్‌కి అంటించిన పట్టీని తర్వాత వేడి చేద్దామని ఎవరూ అనుకోవద్దు, ప్రాణాలకి ప్రమాదం. అంచులకి వార్నిష్ గానీ ఎపాక్సీ గానీ వెయ్యండి. మా సముద్రం వైపు గాలికి అల్యూమినియం, నికెల్ కలిసిన అంచు దగ్గర అల్యూమినియమే తినుకుపోతుంది.

ఆటోనగర్ ప్యాక్, విజయవాడ

అందరికీ చాలా చాలా థాంక్స్. ఎంత టెన్షన్ తీర్చారో చెప్పలేను. పట్టీకి గ్రైండర్ పెట్టి చూశాను, రవ్వలు లేవలేదు, నికెలే. అల్యూమినియం ముక్క స్పెక్ట్రోకి పంపుతున్నాను. 640 మాట పక్కన పెట్టేశాం. ముందు రోలింగ్ చేసి చూస్తాం, సన్న పట్టీతో. అది కుదరకపోతే హాట్ ప్రెస్ ఉన్నచోట, థర్మోకపుల్ ముక్కని తాకేలా పెట్టించి, గ్రేడు తేలాక వేడి ఎంతో మాష్టారిని అడిగి చేయిస్తాం. ఒక్క డౌట్. బ్యాటరీ నడిచే వేడికి ఆ పెళుసు పొర మెల్లగా పెరుగుతూ పోదా?

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

పోదండి. ప్యాకు మహా అయితే 60, 70 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆ వేడికి ఈ జంటలో అణువులు పాకే వేగం లెక్కలోకి తీసుకోనక్కర్లేనంత తక్కువ. మీ అతుకు ఎలా ఉంటుందో తయారీ రోజునే తేలిపోతుంది. రోలింగ్ ముక్క వచ్చాక ఒకటి అటు, ఒకటి ఇటు వంచి, ఒకదానికి ఉలి పెట్టి చూసి, ముఖం ఫొటో ఇక్కడ పెట్టండి.

టిగ్ వెల్డర్, ఇబ్రహీంపట్నం

మాష్టారూ, ఇదే పద్ధతిలో నికెల్ బదులు రాగి పెడితే? మా దగ్గర అల్యూమినియం–రాగి లగ్గుల (కేబుల్ చివర బిగించే ముక్కల) కోసం అడుగుతుంటారు.

మెటలర్జీ మాష్టారు, గుంటూరు

చెయ్యొచ్చు, వేడి ఇంకా తగ్గించాలి. అల్యూమినియం–రాగి యూటెక్టిక్ 548కే కరుగుతుంది, పెళుసు పొరలు కూడా తక్కువ వేడికే పెరుగుతాయి. లగ్గుల కోసమైతే ఫ్రిక్షన్ వెల్డింగ్ (రాపిడి వేడితో అతికించడం) చేసిన అల్యూమినియం–రాగి లగ్గులు బజారులో దొరుకుతున్నాయి. కేబుల్ పనికి అవే కొనుక్కోండి, ఫర్నేస్ అక్కర్లేదు.